పోలమ్మ విప్పిన ముళ్ళు

నర్సింగ్ చదివి ఈమధ్యే ఉద్యోగంలో చేరిన పిల్లలు అప్పుడప్పుడు ఈ దీవిలో, బ్రూక్షాబాద్‌లో ఉన్న మా ఇంటికి వస్తుంటారు. "దీదీ, మీ సర్వీసు సంగతులు చెప్పండి" అని అడుగుతారు. చెప్పడం మొదలుపెట్టగానే ఫోన్లు చూసుకుంటారు, అది వేరే సంగతి. వాళ్ళలో చాలామందికి తెలుగు మాట్లాడటం వచ్చినంతగా చదవడం రాదు. అయినా నాకు చేతనైన భాషలోనే రాస్తున్నాను. చదవలేనివాళ్ళు ఇంట్లో అమ్మచేతో నానమ్మచేతో చదివించుకోండి. వాళ్ళు వినవలసింది కూడా ఇందులో కొంత ఉంది.

ట్రాన్స్‌ఫర్లు, ప్రమోషన్లు, ఇన్‌స్పెక్షన్లు ఏమీ రాయను. అవి అందరికీ ఒక్కలాగే ఉంటాయి, ఎవరికీ ఏమీ నేర్పవు.

ముందు కూర్చోవడం నేర్చుకోండి

కాన్పు చేయించడమంటే చేతులతో చేసే పని అనుకుని ఈ ఉద్యోగంలోకి వస్తారు. చేతులకు పని ఉండేది కాసేపే. మిగతాదంతా పక్కన కూర్చోవడం. నేను కొత్తగా చేరినప్పుడు కేరళ నుంచి వచ్చిన ఒక పెద్ద సిస్టర్ నాకు పని నేర్పింది. తోచక లేచి, ఇంకోసారి పరీక్ష చేస్తానంటూ గ్లవ్స్ అందుకోబోతే చేతి మీద ఒక్కటి వేసేది. "బైఠో! బచ్చా తుమ్హారా నౌకర్ హై క్యా?" అనేది. కూర్చో, పిలవగానే పరిగెత్తుకు రావడానికి బిడ్డ నీ నౌకరా అని అడగడం.

ఆవిడ నోరు మంచిది కాదు. రోగుల ముందే మమ్మల్ని కడిగేసేది. అది నాకు ఏనాడూ నచ్చలేదు, ఇప్పటికీ నచ్చదు. కానీ నొప్పులు పడుతున్న మనిషి నడుం మీద అరచెయ్యి ఆనించి, ఆ మనిషి ఊపిరితో పాటు తనూ ఊపిరి పీలుస్తూ, కదలకుండా కూర్చునేది. ఆ చెయ్యి అక్కడుంటే అరిచేవాళ్ళు అరుపు తగ్గించేవారు. ఆవిడ తిట్లు ఆవిడకే వదిలేసి, ఆ చెయ్యి మాత్రం నేను తెచ్చుకున్నాను.

రత్నం అడిగిన సాయం

బాంబూఫ్లాట్ వైపు సబ్‌సెంటర్‌లో ఉన్నప్పటి మాట. ఖాడీకి, అంటే లోపలికి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయకి, అవతలి ఒడ్డున ఒక వరస ఇళ్ళుండేవి. అంతా శ్రీకాకుళం తీరం నుంచి వచ్చి స్థిరపడ్డ చేపల వేటవాళ్ళు. రోడ్డున పోవాలంటే కొండ చుట్టూ తిరగాలి. వానాకాలంలో ఆ మట్టిదారిలో ఆంబులెన్స్ దిగబడిపోయేది. పడవలో అయితే ఖాడీ దాటగానే జెట్టీ, జెట్టీ దిగితే మా సబ్‌సెంటర్‌కు పైనున్న ఆస్పత్రి. వాళ్ళ దారంతా నీళ్ళ మీదే.

ఆ వరసలో చివరి ఇల్లు పోలమ్మది. భర్త లేడు. కొడుకు ఎల్లాజీకి సొంత డింగీ ఉంది, అంటే ఇంజను బిగించిన చెక్కపడవ. కోడలు రత్నం. చిట్టి అని చిన్న మనవరాలు. పోలమ్మ ఎండుచేపలు అమ్మేది. గంప నెత్తిన పెట్టుకుని ఫెర్రీ ఎక్కిందంటే జనం వాళ్ళంతట వాళ్ళే పక్కకు జరిగేవారు. వాసనకు కాదు, నోటికి.

రత్నం రెండోసారి నెల తప్పింది. ఒకరోజు పరీక్షకని వాళ్ళింటికి వెళితే, బీపీ చూస్తుండగా నా చెయ్యి పట్టుకుంది.

"సిస్టరమ్మా, ఈపాలి నానెక్కడికీ ఎల్లను. ఈ ఇంట్లోనే కంటాను. నువ్వు రా, సాలు."

వాళ్ళలో తొలికాన్పు పుట్టింట్లోనే జరగాలి. అందుకని చిట్టి కడుపులో ఉన్నప్పుడు రత్నం ఓడెక్కి వైజాగ్‌లో దిగి అమ్మగారి ఊరు వెళ్ళింది. అక్కడ ఏదో ఆస్పత్రిలో కాన్పయింది. కాగితాల్లో చూస్తే అంతా సవ్యమే. తల్లి క్షేమం, బిడ్డ క్షేమం. కానీ రత్నం చెప్పింది వేరు.

"మాయమ్మని గుమ్మంకాడే ఆపేసినారు. నన్ను బల్ల మీద పడేసి ఎలిపోనారు. నొప్పొచ్చి అరిసినాను. అరిత్తే తిట్టినారు. సచ్చిపోతన్నాననుకున్నాను సిస్టరమ్మా. సావుకి కాదు ఏడిసింది. పక్కన మన మనిసి లేకండా సచ్చిపోతానేటని ఏడిసినాను."

ఇంట్లో కాన్పు వద్దని నచ్చజెప్పే మాటలు నా దగ్గర చాలా ఉన్నాయి. రోజూ అవే చెప్పేదాన్ని. ఆ పూట వాటిని పక్కన పెట్టాను. అలాంటి బల్లలు, అలాంటి గుమ్మాలు నేనూ చూశాను.

ఆస్పత్రిలో మా డాక్టరమ్మతో సంగతంతా చెప్పాను. ఉత్తరాది మనిషి, మంచి చెయ్యి, తొందర కోపం. మొదట ససేమిరా అంది. తర్వాత రత్నాన్ని పిలిపించి తనే చూసింది. రక్తం బాగుంది, బిడ్డ తల కిందికే ఉంది, మొదటి కాన్పులో ఏ చిక్కూ రాలేదు. చివరికి ఒక్క షరతు పెట్టింది. "బోట్ తయ్యార్ రహేగా. జరా సా భీ గడ్‌బడ్ హో, సోచ్నా నహీఁ, సీధా లే ఆనా." పడవ సిద్ధంగా ఉండాలి, కాస్త తేడా కనిపించినా ఆలోచించకుండా నేరుగా తీసుకొచ్చెయ్యాలి.

అదే మాట ఎల్లాజీకి చెప్పాను. నొప్పులు మొదలైన దగ్గర్నుంచి వేటకు పోకూడదు, పడవ ఇంటి ముందు ఉండాలి అన్నాను.

"గుంజకి కట్టేసుంటాది దీదీ. నాను కదల్ను, పడవా కదల్దు" అన్నాడు.

ఆ మాటలు జరిగినప్పుడు పోలమ్మ ఎండుచేపల బేరానికి ఊళ్ళోకి పోయింది.

నొప్పుల ఇంట్లో ముడి ఉండకూడదు

ఒక ఉదయం ఎల్లాజీ ఫోన్ చేశాడు. సంచీ సర్దుకుని కొండదారిన నేను వెళ్ళేసరికి ఇల్లు దొంగలు పడినట్టుంది. చెక్కపెట్టె మూత తెరిచి ఉంది, డబ్బాల మూతలన్నీ తీసేసి ఉన్నాయి. బట్టలు ఆరేసే తాడు నేల మీద పడి ఉంది. చిట్టి ఉయ్యాల తాళ్ళు ఊడదీసి ఉన్నాయి. మేకను కూడా విప్పేస్తే అది పోయి పక్కింటి బెండమొక్కలు మేస్తోంది, పక్కింటావిడ శాపనార్థాలు పెడుతోంది. ఊరికే కూర్చోలేక వల బాగుచేసుకుంటున్న ఎల్లాజీ చేతుల్లోంచి పోలమ్మ వల లాగి అవతల పారేసింది.

"పెల్లాం నొప్పులు పడతంటే కూకోని ముళ్ళేత్తావేట్రా! బుద్దుందా నీకు?"

నొప్పులు పడే ఇంట్లో ఎక్కడ ముడి ఉన్నా బిడ్డ దారికి అడ్డం పడుతుందని ఆ వాడలో నమ్మకం. నాకు అది కొత్త కాదు. ఎవరికీ హాని చెయ్యని నమ్మకంతో నేను పోట్లాటకు దిగను. మీరు కూడా దిగకండి. పోట్లాడి గెలిచినా, ఆ ఇంట్లో మీ మాట తర్వాత ఎవరూ వినరు.

పోలమ్మ కళ్ళు నా తల మీద పడ్డాయి. "ఆ కొప్పిప్పీ సిస్టరమ్మా."

"జుట్టు మొహం మీద పడితే పనెలా చెయ్యను పోలమ్మా?"

"క్లిప్పెట్టుకో. క్లిప్పు ముడి కాదు."

నేను నవ్వుకుంటూ కొప్పు విప్పి క్లిప్పు పెట్టుకున్నాను.

ఆ పూట రత్నం ఒక్కచోట పడుకోలేదు. కాసేపు నడిచింది. నొప్పి వచ్చినప్పుడల్లా అత్త మెడ చుట్టూ చేతులు వేసి వేలాడింది. పోలమ్మ కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడి ఆ బరువు మోసింది, నడుం రాసింది, మధ్యమధ్య తిట్టింది. చిట్టి వచ్చి తల్లి మోకాలు తట్టి మళ్ళీ ఆటకు పోయింది. నేను ఒక మూల పీట మీద కూర్చుని, అప్పుడప్పుడు బిడ్డ గుండె చప్పుడు వింటూ, కేరళ సిస్టర్‌ని తలుచుకున్నాను. నా సర్వీసులో అంత హాయిగా సాగిన నొప్పులు తక్కువ చూశాను.

ఎండ బాగా పైకెక్కాక బిడ్డ పుట్టింది. ఆడపిల్ల. వస్తూనే గట్టిగా ఏడ్చింది.

"గంప మోయడానికి ఇంకో మనిసొచ్చింది" అంది పోలమ్మ, కళ్ళు తుడుచుకుంటూ.

రత్నం బిడ్డను గుండెల మీద పెట్టుకుని నవ్వింది. "ఈపాలి నానరిసినా ఎవులూ తిట్టనేదు సిస్టరమ్మా."

"నాను తిట్టినాను కదేటే?" అంది పోలమ్మ.

"నువ్వు తిడితే అది తిట్టు కాదులే అత్తా."

పడవ

బిడ్డ వచ్చేసింది కదా అని ఇంట్లోవాళ్ళు ఊపిరి పీల్చుకుంటారు. మనం పీల్చకూడదు. మాయ పడేదాకా కాన్పు కానట్టే. రత్నానికి మాయ పడలేదు. ఇంజక్షన్ ఇచ్చాను, బిడ్డను పాలకు పెట్టించాను, మూత్రం పోయించాను, పొత్తికడుపు మీద చెయ్యి పెట్టి చూస్తూ కూర్చున్నాను. మాయ కదల్లేదు. ముందు సన్నగా మొదలైన రక్తం ఎక్కువైంది. రత్నం పెదవుల రంగు మారుతోంది.

నాకు భయం వేసింది. ఎన్ని కాన్పులు చేసినవాళ్ళకైనా ఆ క్షణంలో భయం వేస్తుంది. వెయ్యలేదని చెప్పేవాళ్ళను నమ్మకండి. డాక్టరమ్మకు ఫోన్ చేసి రెండు ముక్కల్లో చెప్పి, పెరట్లో నీళ్ళు కాస్తున్న ఎల్లాజీని కేకేశాను. "పడవ తియ్యి, వెళ్దాం."

ఇంటి ముందుకు పరిగెత్తినవాడు అంతే వేగంగా వెనక్కి వచ్చాడు. "దీదీ, పడవ నేదు!"

గుంజ ఉంది, పడవ లేదు. ఖాడీ లోపల, మడచెట్ల మధ్య, దాని రంగు మాత్రం కనిపిస్తోందన్నాడు.

పోలమ్మ గుమ్మం పట్టుకుని నిలబడింది.

"నానే ఇప్పీసినాను. పొద్దున్న నీరు నేదు, పడవ బురదలో కూకోనుంది. ఎక్కడికి పోతాదిలే అనుకున్నాను. బిడ్డొచ్చాక కట్టేద్దారనుకున్నాను. పోటొచ్చింది సూసుకోనేదు సిస్టరమ్మా."

ఇంట్లో ముళ్ళన్నీ విప్పుకుంటూ వచ్చిన మనిషి అన్నిటికన్నా పెద్ద ముడిని మాత్రం ఎలా వదిలేస్తుంది? ఆ మోకు ఎందుకు కట్టి ఉందో ఆవిడకు ఎవరూ చెప్పలేదు. నేను ఎల్లాజీకి చెప్పాను, ఎల్లాజీ పడవకు చెప్పాడు. ఆ ఇల్లు ఎవరి మాట మీద నడుస్తుందో ఆ మనిషి చెవిన మాత్రం ఎవరూ వెయ్యలేదు. మీరు ఏ ఇంటికి వెళ్ళినా ముందు ఆ మనిషి ఎవరో కనుక్కోండి. మగవాళ్ళు తల ఊపారు కదా అని సంచీ సర్దుకుని వచ్చెయ్యకండి.

ఎల్లాజీ నీళ్ళలోకి దూకబోయాడు. ఆ మడల్లో మొసళ్ళుంటాయి. పోలమ్మ వాణ్ణి జబ్బ పట్టుకుని వెనక్కి లాగింది. "నువ్వు దాని కాడుండు" అని లోపలికి తోసి తను పోయింది. వాడలో మిగతా పడవలన్నీ వేటలో ఉన్నాయి. నేను రత్నం పొట్ట మీద నుంచి చెయ్యి తియ్యలేను. బయట ఏమవుతోందో నాకు కనపడలేదు. గొంతు మాత్రం వినపడింది. ఫెర్రీలో జనాన్ని పక్కకు తప్పించే ఆ గొంతు.

"ఓ భయ్యా! ఇటు తిప్పు భయ్యా! మా పిల్ల సచ్చిపోతంది భయ్యా!"

తర్వాత పక్కింటావిడ చెప్పింది. పోలమ్మ పీకలదాకా నీళ్ళలోకి దిగి, చీర కొంగు తీసి తల పైన ఊపుతూ నిలబడిందట. ఖాడీ మధ్యలో కొబ్బరికాయలు వేసుకుపోతున్న హంజా భాయ్ అనే ముసలాయన ఇంజను మోతలో కూడా ఆ కేక విని పడవ తిప్పాడు. మేం దిగేసరికి ఆయన కాయలన్నీ నీళ్ళలోకి తోసేసి పడవలో చోటు చేసి ఉంచాడు.

ఎల్లాజీ రత్నాన్ని ఎత్తుకొచ్చి పడుకోబెట్టాడు. పొద్దున శాపనార్థాలు పెట్టిన పక్కింటావిడే చిట్టిని తన ఇంట్లో దింపి, పసిబిడ్డను ఒళ్ళో పెట్టుకుని ఎక్కింది. నేను దారి పొడుగునా పొట్ట మీద నొక్కిపట్టి కూర్చున్నాను. పోలమ్మ తడిబట్టలతో పడవ చివర కూర్చుంది. కోడలి వైపు చూడలేదు, పసిదాని వైపూ చూడలేదు.

లోపల ఎవరుండాలి

డాక్టరమ్మ స్ట్రెచర్‌తో జెట్టీ మీదే నిలబడి ఉంది. రత్నాన్ని బల్ల మీదకు చేర్చి సెలైన్ ఎక్కించాం. చెయ్యి లోపలికి పెట్టి మాయ తియ్యాలి. అది బాధ పెట్టే పని. గ్లవ్స్ తొడుక్కున్న డాక్టరమ్మ ఒక్క నిమిషం ఆగింది. రత్నం మొదటి కాన్పు సంగతి నేను ఎప్పుడో చెప్పింది ఆవిడ మర్చిపోలేదు.

"బేటీ, కిస్ కో పాస్ బులాఊఁ? పతి కో?" అని అడిగింది. పక్కన ఎవరు ఉండాలి, నీ భర్తని పిలవనా అని.

రత్నానికి గొంతు సరిగా రావడం లేదు. పెదవుల దగ్గర చెవి పెట్టాను.

"మా అత్తని పిలు సిస్టరమ్మా."

నేను బయటికి పరిగెత్తాను. పోలమ్మ వరండాలో లేదు. ఆస్పత్రి వెనక నీళ్ళ కుళాయి పక్కన నేల మీద కూర్చుని ఉంది.

"రా పోలమ్మా. నిన్ను పిలుస్తోంది."

"నన్నా?" అంది. "నానెలగొస్తాను? నా సేతుల్తోనే ఇప్పీసినాను. అది నా మొకం సూడదు."

"దానికి అంతా తెలుసు. అప్పుడు నా పక్కనే పడుకుని ఉంది కదా, నువ్వన్నదంతా వింది. విన్నాకే పిలుస్తోంది. లే."

నేను జబ్బ పట్టి లేపవలసి వచ్చింది. లోపలికి వచ్చి బల్ల తల వైపు నిలబడింది. చెయ్యి వెయ్యడానికి ఆవిడకు ధైర్యం చాలలేదు. రత్నమే వెతుక్కుని ఆ చెయ్యి పట్టుకుంది.

"ఒగ్గీకత్తా" అంది. వదిలెయ్యకు అని.

"ఒగ్గనమ్మా. ఒగ్గను."

మాయ వచ్చింది. రక్తం కట్టింది. డాక్టరమ్మ తల ఎత్తి నా వైపు చూసి ఊపిరి వదిలింది. ఎప్పుడూ కంటతడి పెట్టని నేను ట్రే కడిగే నెపంతో సింకు దగ్గరికి పోయి ఏడ్చాను.

మర్నాడు డాక్టరమ్మ నన్ను పిలిచి చెడామడా తిట్టింది. పడవ కట్టి ఉందో లేదో నువ్వు చూసుకోవద్దా అంది. పడాల్సిన తిట్లే, పడ్డాను. ఆవిడలో నాకు నచ్చింది, తిట్టి ఊరుకోలేదు. ఆ ఆస్పత్రిలో ఆవిడ ఉన్నంతకాలం, కాన్పు గదిలోకి ఇంటి ఆడమనిషిని ఒకరిని రానిచ్చింది. జాగా లేదని, ఇన్ఫెక్షన్ అని కొందరు గొణిగారు. ఆవిడ వినలేదు. రత్నం వాడ నుంచి ఆస్పత్రికి వచ్చి కనేవాళ్ళు ఎక్కువయ్యారు.

ఇది చదివి ఇంట్లో కాన్పులు చెయ్యమంటున్నానని అనుకోకండి. నేను అనను. మాయ నిలిచిపోతే ఎంతటి మంచి అత్త ఉన్నా చాలదు. బల్లా, డాక్టరూ, రక్తమూ కావాలి. కానీ రత్నం ఇంట్లో కంటానన్నది పిచ్చితనంతో కాదు. ఇంట్లో దొరికేది మనం ఆస్పత్రిలో ఇవ్వలేదు, అంతే. అది ఇవ్వడానికి యంత్రం అక్కర్లేదు, గుమ్మం దగ్గర అడ్డం నిలబడకపోతే చాలు.

మోకు

ఆ తర్వాతి వానాకాలంలో అదే వాడలో ఇంకో ఇంటి కోడలికి నొప్పులు మొదలయ్యాయని కబురొచ్చింది. ఆస్పత్రికి తీసుకుపోవాలనే అందరి మాట. నీరు పోటెక్కేదాకా ఆగాలని నన్ను రమ్మన్నారు. వెళ్ళి చూస్తే ఆ ఇంటి ముందూ బట్టల తాడు నేల మీద ఉంది. పెట్టెల మూతలు తెరిచి ఉన్నాయి. మేక రోడ్డు మీద ఉంది. పోలమ్మ నాకన్నా ముందే వచ్చి వెళ్ళిందన్నమాట.

ఇంట్లోకి కూడా పోకుండా నేరుగా ఒడ్డుకు పరిగెత్తాను.

గుంజకు ముడి లేదు. పడవ ఉంది. సన్నగా వాన పడుతోంది. పోలమ్మ మోకాలి లోతు నీళ్ళలో ఒక రాయి మీద కూర్చుని, పడవ మోకు కొసను రెండు చేతులా పట్టుకుని ఉంది. పోటు ఎక్కినకొద్దీ పడవ గుంజుతోంది. ఆవిడ కాళ్ళు తన్నిపెట్టి ఆపుతోంది.

"ముడెయ్యనేదు, సూసుకో" అంది నన్ను చూసి.

"ఎంతసేపని పట్టుకుంటావు పోలమ్మా? చేతులు కోసుకుపోతాయి."

"అదెక్కీదాక. నువ్వు లోనకెల్లు సిస్టరమ్మా, ఆ పిల్లకాడ కూకో. ఇది నానొగ్గను."

నేను కొప్పు విప్పి, క్లిప్పు పెట్టుకుని లోపలికి వెళ్ళాను.